నాలుగు గ్రీకు మాటలు: విలియం టిండేల్ జీవితం

మన బడిలో చదివినవారికి ప్రతిపదార్థం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పద్యంలోని మాటలను ఒక్కొక్కటిగా విడదీసి పక్కన అర్థం రాయాలి. తప్పు రాస్తే ఒకటో రెండో మార్కులు పోయేవి. అయిదు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఒక ట్యూషను మాస్టారు క్రైస్తవుల వేదగ్రంథంలోని గ్రీకు మాటలకు తనకు సరి అని తోచిన అర్థం రాశాడు. అందులో నాలుగు మాటల దగ్గర పెద్ద పేచీ వచ్చింది. ఆ పేచీలో ఆయనకు మొదట సొంత దేశం దూరమైంది, తర్వాత ప్రాణమే పోయింది. ఆయన పేరు విలియం టిండేల్. ఇంగ్లిషు సాహిత్య చరిత్ర చదివినవారికి ఈ పేరు బైబిలు అనువాదాల అధ్యాయంలో ఒక పేరాగా తగిలే ఉంటుంది. ఆ పేరా వెనక ఉన్న మనిషి గురించి నాలుగు సంగతులు చెప్పాలని ఈ వ్యాసం.

టిండేల్ సుమారు 1494లో ఇంగ్లండు పడమటి భాగంలోని గ్లాస్టర్‌షైర్‌లో పుట్టాడు. గొర్రెల పెంపకానికీ ఉన్ని బట్టల నేతకూ పేరున్న ప్రాంతం అది. ఆక్స్‌ఫర్డ్‌లో 1512లో బి.ఏ., 1515లో ఎం.ఏ. అయ్యాడు. ఆ రోజుల్లో ఎం.ఏ. అయ్యేదాకా విద్యార్థికి వేదాంతశాస్త్రం జోలికి వెళ్లే వీలు లేదు. ముందు ఏళ్ల తరబడి తర్కంతో బుర్ర నింపి, ఆ తర్వాతే మూలగ్రంథం దగ్గరికి పంపేవారని టిండేల్ తర్వాతి కాలంలో గట్టిగానే విసుక్కున్నాడు. మాస్టార్ల మీద విద్యార్థుల ఫిర్యాదులు ఈనాటివి కావు.

ఇక్కడ కొంచెం వెనకటి సంగతి చెప్పాలి. క్రైస్తవుల కొత్త నిబంధన గ్రంథం రాసింది గ్రీకులో. అదీ కావ్యాల గ్రీకు కాదు, మధ్యధరా తీరపు రేవుల్లో, బజార్లలో జనం మాట్లాడుకునే వాడుక గ్రీకు. కానీ పశ్చిమ ఐరోపాలో వెయ్యేళ్లకు పైగా చదివినది దాని లాటిన్ అనువాదాన్నే. నాలుగో శతాబ్ది చివర జెరోమ్ అనే పండితుడు సవరించిన అనువాదం అది. పూజకీ అదే, వాదానికీ అదే. మూలం గ్రీకు అన్న సంగతి తెలిసినా ఆ గ్రీకు చదవగలిగినవారు పశ్చిమాన వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. 15వ శతాబ్దిలో కాన్‌స్టాంటినోపుల్ నుంచి గ్రీకు పండితులు, వారితోపాటు రాతప్రతులు ఇటలీకి చేరాక, అచ్చుయంత్రం వచ్చాక ఆ పరిస్థితి మారింది. 1516లో ఎరాస్మస్ అనే డచ్చి పండితుడు బాజెల్ నగరంలో గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేయించాడు. ఒక పక్క గ్రీకు మూలం, ఇంకో పక్క తన కొత్త లాటిన్ అనువాదం, వెనక మాటల మీద టిప్పణులు. రెండు భాషలూ పక్కపక్కన పెట్టి చూస్తే, వెయ్యేళ్లుగా కంఠతా వచ్చిన వాక్యాలు కొన్ని మూలంలో వేరే మాట చెబుతున్నాయని తేలింది.

ఇంగ్లండులో ఇంకో చిక్కు కూడా ఉంది. జర్మన్‌లో 1466 నాటికే అచ్చు బైబిలు ఉంది, ఇటాలియన్‌లో 1471లో వచ్చింది. ఇంగ్లిషులో మాత్రం బిషప్పు అనుమతి లేకుండా వేదగ్రంథాన్ని అనువదించడం, అలాంటి అనువాదం చదవడం నేరం. 15వ శతాబ్ది మొదట్లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన శాసనం అది. అనుమతి అడిగితే ఇచ్చే బిషప్పు మాత్రం ఎవరూ లేరు.

1521 ప్రాంతంలో టిండేల్ సొంత జిల్లాకు తిరిగివచ్చి, లిటిల్ సాడ్‌బరీలో సర్ జాన్ వాల్ష్ అనే పెద్దమనిషి ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే పనిలో కుదిరాడు. పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి మాస్టారికి తీరిక ఉండేది. వాల్ష్ గారింటికి భోజనానికి చుట్టుపక్కల మఠాధిపతులు, గురువులు వస్తుండేవారు. బల్ల దగ్గర మాటల్లో వాళ్లు ఏదో అంటే, ఈ ట్యూషను మాస్టారు గ్రీకు పుస్తకం తెచ్చి ఫలానా చోట ఇలా ఉంది కదా అని చూపించేవాడు. ఇది ఎంత ఇబ్బందికరమైన అలవాటో ఏ ఇంట్లోనైనా ఊహించుకోవచ్చు. ఇంటావిడ ఒకరోజు అడగనే అడిగింది, ఏడాదికి వందల పౌన్ల రాబడి ఉన్న ఇంతటి పెద్దల మాట కాదని నీ మాట ఎలా నమ్మమంటావని. అప్పటికి టిండేల్ జవాబివ్వలేదు. ఎరాస్మస్ లాటిన్‌లో రాసిన ఒక పుస్తకాన్ని కూర్చుని ఇంగ్లిషులోకి తిప్పి, దంపతులిద్దరి చేతికీ ఇచ్చాడు. వాళ్లు చదివారు. ఆ తర్వాత ఆ పెద్దలకు ఆ ఇంట్లో విందులు తగ్గిపోయాయి.

ఆ కోపమంతా మాస్టారి మీదికే వచ్చింది. జిల్లా మతాధికారి పిలిపించి చీవాట్లు పెట్టాడు. ఆ రోజుల్లోనే ఒక గురువుతో జరిగిన వాదంలో, తాను బతికుంటే నాగలి తోలే కుర్రవాడికి కూడా మీకంటే ఎక్కువ వేదం తెలిసేలా చేస్తానని టిండేల్ మాట విసిరాడట. ఆవేశంలో అన్న మాటలా ఉన్నా, మిగిలిన పదమూడేళ్ల జీవితం ఆ మాట మీదే నడిచింది.

1523లో ఆయన లండను వెళ్లాడు. అక్కడి బిషప్పు కత్‌బర్ట్ టన్‌స్టల్ గ్రీకు తెలిసినవాడు, ఎరాస్మస్‌కు స్నేహితుడు. ఇలాంటివాడు నీడనిస్తే బిషప్పు అనుమతితోనే అనువాదం చేయవచ్చునని టిండేల్ ఆశ. తన గ్రీకు చదువుకు రుజువుగా ఐసోక్రటీస్ ప్రసంగం ఒకటి అనువదించి పట్టుకెళ్లాడు. ఇప్పటికే తన ఇంట్లో కావలసినంతమంది ఉన్నారు, లండనులో ఇంకెక్కడైనా చూసుకొమ్మని టన్‌స్టల్ మర్యాదగానే పంపేశాడు. హంఫ్రీ మన్‌మత్ అనే బట్టల వర్తకుడు ఆర్నెల్లు ఇంట్లో పెట్టుకున్నాడు. తర్వాత ఇందుకే జైలుకెళ్లిన ఆ వర్తకుడు విచారణలో చెప్పిన వివరం ఒకటి ఉంది. ఆ కుర్ర గురువు ఉడకబెట్టిన మాంసం, పలచటి బీరు తప్ప ఇంకేమీ కోరేవాడు కాదట, పగలూ రాత్రీ పుస్తకం ముందే ఉండేవాడట. లండనులో కాదు, ఇంగ్లండు మొత్తంలోనే తన పనికి చోటు లేదని ఆ ఆర్నెల్లలో టిండేల్‌కు అర్థమైంది. 1524లో ఓడ ఎక్కాడు. మళ్లీ ఇంగ్లండు గడ్డ మీద అడుగు పెట్టినట్టు దాఖలా లేదు.

1525లో జర్మనీలోని కొలోన్ నగరంలో అచ్చు మొదలైంది. మత్తయి సువార్త 22వ అధ్యాయం దాకా వచ్చేసరికి కోక్లేయస్ అనే ప్రత్యర్థి పండితుడికి వాసన తగిలింది. అచ్చు కూలీలను ఇంటికి పిలిచి, ద్రాక్షసారా పోసి, గుట్టంతా రాబట్టి అధికారులకు చెప్పాడు. టిండేల్, ఆయన సహాయకుడు కలిసి అచ్చయిన కాగితాలు దొరికినన్ని పట్టుకుని రైన్ నదిలో పడవ ఎక్కి వోర్మ్స్‌కు పారిపోయారు. అక్కడ 1526లో ఇంగ్లిషు కొత్త నిబంధన పూర్తిగా అచ్చయింది. అచ్చు వేసిన పీటర్ షోఫర్, గూటెన్‌బర్గ్ దగ్గర పనిచేసిన షోఫర్ కొడుకు. ప్రతులు మూడు వేలని ఒక లెక్క, ఆరు వేలని ఇంకో లెక్క. జేబులో పట్టేంత చిన్న పుస్తకం. బట్టల బేళ్ల మధ్య దాచి ఇంగ్లండు రేవులకు చేర్చారు. ఆ ఏడాదే టన్‌స్టల్ లండనులోని సెయింట్ పాల్ గుడి దగ్గర పుస్తకాలు కుప్పపోసి కాల్పించాడు. ఇంకో కథ కూడా ఉంది. హాల్ అనే ఆనాటి చరిత్రకారుడు రాసినదాని ప్రకారం, బిషప్పు ఒక వర్తకుడి ద్వారా ప్రతులన్నీ డబ్బిచ్చి కొనిపించాడు, కాల్చేయడానికి. ఆ వర్తకుడు టిండేల్ మిత్రుడు. పుస్తకాలు బిషప్పుకి, డబ్బు టిండేల్‌కి, ఆ డబ్బుతో మెరుగైన ఇంకో ముద్రణ!

ఇంతకీ ఆ పుస్తకంలో అంత కాల్చవలసింది ఏముంది? వేల మాటల్లో ముఖ్యంగా నాలుగు.

మొదటిది ఎక్లేసియా. లాటిన్ కూడా ఈ మాటనే అలాగే తీసుకుంది. ఇంగ్లిషులో అందరూ దాన్ని చర్చ్ అనేవారు. ఆ మాట వినగానే జనం కళ్ల ముందుకు వచ్చేది గుడి కట్టడం, లేదా పోపు మొదలుకొని గురువుల దాకా ఉన్న అధికార వ్యవస్థ. గ్రీకులో ఎక్లేసియా అంటే ఏథెన్స్ లాంటి నగరాల్లో పౌరులు కూడే సభ. కొత్త నిబంధనలోనే, అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో, ఎఫెసు నగరంలో వెండిపనివాళ్లు రేపిన గోలకు గుమిగూడిన జనాన్ని కూడా ఎక్లేసియా అనే అన్నారు. వాళ్లలో చాలామందికి తామెందుకు వచ్చామో కూడా తెలియదు! టిండేల్ ఈ మాటకు కాంగ్రిగేషన్ అని పెట్టాడు, అంటే కూడిన జనం.

రెండోది ప్రెస్బుతెరోస్. అర్థం వయసులో, గౌరవంలో పెద్ద. ఇంగ్లిషులో ప్రీస్ట్ అంటే బలిపీఠం దగ్గర పూజ చేసే గురువు. టిండేల్ మొదట సీనియర్ అని రాసి, తర్వాత ఎల్డర్ అని దిద్దాడు.

మూడోది మెటనోయియా, అంటే మనసు మారడం. లాటిన్‌లో దీన్ని అనువదించిన తీరు ప్రాయశ్చిత్తం చేయండి అన్నట్టుగా వినిపించేది. దానిమీద పాపం ఒప్పుకోవడం, గురువు విధించిన శిక్ష అనుభవించడం, చివరికి డబ్బు కట్టి ఆ శిక్ష తగ్గించుకోవడం దాకా ఒక పెద్ద ఏర్పాటు పెరిగింది. 1517లో లూథర్ తన 95 వాదాలను మొదలుపెట్టింది ఈ మాటతోనే. టిండేల్ పెనెన్స్ తీసేసి రిపెంటెన్స్ పెట్టాడు.

నాలుగోది అగాపే. అంతకుముందు దీన్ని చారిటీ అనేవారు. టిండేల్ మామూలుగా లవ్ అన్నాడు.

ఈ నాలుగూ కలిపి చూడండి. గుడి పోయి జనం వచ్చారు, పూజారి పోయి పెద్దమనిషి వచ్చాడు, ప్రాయశ్చిత్తం పోయి మనసు మార్పు వచ్చింది, దానధర్మం పోయి ప్రేమ వచ్చింది. ఒక నిఘంటువులో నాలుగు చోట్ల కలం పెడితే వెయ్యేళ్ల కట్టడం కింద పునాది కదిలింది. ఇది ప్రత్యర్థులు కూడా సరిగ్గానే గుర్తించారు.

వాళ్లలో అందరికంటే పెద్దవాడు సర్ థామస్ మోర్. యుటోపియా రాసినవాడు, ఎరాస్మస్‌కు ప్రాణస్నేహితుడు, గ్రీకు బాగా తెలిసినవాడు. టన్‌స్టల్ కోరిక మీద 1529లో టిండేల్ మీద ఒక పుస్తకం రాశాడు. టిండేల్ 1531లో జవాబిచ్చాడు. ఆ చిన్న జవాబు మీద మోర్ విరుచుకుపడుతూ వందల పుటలు రాశాడు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్న తిట్లు ఈ సంచికలో అచ్చు వేయదగినవి కావు. కానీ తిట్ల మధ్యలో జరిగిన మాటల చర్చ మాత్రం భాష నేర్పేవారెవరైనా చదవదగ్గది.

మోర్ వాదం ఇది. కాంగ్రిగేషన్ అంటే ఏ గుంపైనా అవుతుంది, తురుష్కుల గుంపు కూడా. ప్రేమ అంటే మంచి ప్రేమా ఉంటుంది, చెడ్డ ప్రేమా ఉంటుంది, చారిటీ మాత్రం పవిత్రమైన ప్రేమకే వాడతాం. ఇంగ్లిషు జనం తరతరాలుగా వాడుకుంటున్న మాటలను తీసేసి కొత్తవి పెట్టడం అనువాదం కాదు, మతం మార్చడం.

టిండేల్ ముందు చర్చ్ అనే మాటకు ఇంగ్లిషులో ఎన్ని అర్థాలున్నాయో విడదీసి చూపించాడు. ఒకచోట కట్టడం, ఒకచోట గురువుల వర్గం, ఎక్కడో అరుదుగా విశ్వాసుల సమూహం. పెద్దలు అనే అర్థమిచ్చే మాట పాత లాటిన్ అనువాదంలోనే, పేతురు పత్రికలో ఉందని ఎత్తిచూపాడు. ఎరాస్మస్ కూడా తన లాటిన్‌లో ఎక్లేసియాను సమూహం అనే అనువదించాడు, మరి మీ స్నేహితుణ్ణి ఏమీ అనరేమని అడిగాడు. ఇక్కడ మోర్‌కు దెబ్బ తగిలిందనే చెప్పాలి. చారిటీ విషయంలో టిండేల్ చూపింది వ్యాకరణం. గ్రీకులో అగాపే నామవాచకం, దాని పక్కనే క్రియ కూడా ఉంది. ఇంగ్లిషులో లవ్‌కు రెండు రూపాలూ ఉన్నాయి. చారిటీకి క్రియ ఎక్కడుంది? పొరుగువాణ్ణి ప్రేమించమనవచ్చు, చారిటీని క్రియగా మార్చి పొరుగువాడి మీద ప్రయోగించలేం కదా! పైగా మామూలు ఇంగ్లిషులో చారిటీ అంటే దానం, ఓర్పు, దయ లాంటివే తప్ప ఆ గ్రీకు మాటంత విస్తృతి లేదు.

మన అలంకార శాస్త్రం చదివినవారికి ఇది కొత్త కాదు. యోగార్థం వేరు, రూఢ్యర్థం వేరు అని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. ప్రవీణుడు అంటే మాట విడదీస్తే వీణ బాగా వాయించేవాడు, గవేషణ అంటే ఆవులను వెతకడం. కానీ వంటలో ప్రవీణుడు అంటే ఎవరూ వీణ వెతకరు. గ్రీకు మాటలకూ అంతే. ఎక్లేసియాను విడదీస్తే బయటికి పిలవబడినవారు అని వస్తుంది, దానిమీద గంటసేపు ఉపన్యాసం చెప్పవచ్చు. కానీ ఆ మాట విన్న మొదటి శతాబ్దపు ఎఫెసు మనిషికి తట్టేది సభ అనే. అగాపే అంటే దైవప్రేమ, ఫిలియా అంటే స్నేహం అని ఈ రోజుల్లో గీత గీసి చెబుతుంటారు. క్రీస్తుకు ముందే యూదులు చేసుకున్న గ్రీకు పాత నిబంధనలో, అమ్నోను తన చెల్లెలు తామారు మీద పెంచుకున్న కామానికి కూడా ఈ అగాపే మాటే ఉంది. యోహాను సువార్త చివరి అధ్యాయంలో ఆ రెండు క్రియలూ పక్కపక్కన వస్తే టిండేల్ రెండింటికీ ఒకే ఇంగ్లిషు క్రియ వాడాడు. మాటకు అర్థం వాక్యం ఇస్తుంది, వేరు ముక్క కాదు.

అయితే ఒక మాట. మోర్ కూడా రూఢి గురించే మాట్లాడుతున్నాడు. ఇంగ్లండులో తరతరాల వాడుక రూఢి కాదా అన్నది ఆయన ప్రశ్న. అసలు తగాదా అక్కడ ఉంది. ఎవరి వాడుకను ప్రమాణంగా తీసుకోవాలి, ఆ మాట మొదట విన్న గ్రీకు జనం వాడుకనా, తర్వాత దాన్ని కాపాడుకుంటూ వచ్చిన సంస్థ వాడుకనా? టిండేల్ అమాయకంగా భాషాసేవ మాత్రమే చేశాడనడం కూడా నిజం కాదు. ఆయన అంచుల్లో రాసిన వ్యాఖ్యలు ఘాటుగా ఉండేవి, లూథర్ నుంచి తీసుకున్నవి అందులో చాలా ఉన్నాయి. ఏ మాట మారిస్తే ఏది కూలుతుందో ఆయనకు తెలుసు. తెలిసినా, అనువాదం మాత్రం గ్రీకు వాక్యం ముందు పెట్టుకునే చేశాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగించే ఆధారం ఒకటి ఉంది. సీనియర్ అనేది మంచి ఇంగ్లిషు కాదని మోర్ అంటే, అది నిజమేనని టిండేల్ అచ్చులోనే ఒప్పుకున్నాడు. తనను మంటల్లో వేయాలని కోరుకునే మనిషి చెప్పిన సవరణ అది!

ఈ లోపు హిబ్రూ కూడా నేర్చుకుని, 1530లో పాత నిబంధనలోని మొదటి అయిదు పుస్తకాలు ఇంగ్లిషులో అచ్చు వేయించాడు. ఇంగ్లండులో ఎవరికీ పెద్దగా రాని భాష అది. ఇంగ్లిషులో ఇవాళ అందరూ వాడే పాసోవర్, స్కేప్‌గోట్ అనే మాటలు ఆయన కల్పించినవే. ఆయన ఏడు భాషలు తెలిసినవాడని, ఏది మాట్లాడితే అది మాతృభాష అనిపిస్తుందని ఒక జర్మన్ పండితుడు చెప్పగా ఇంకొకరు 1526లోనే రాసుకున్నారు.

1531లో రాజు ఎనిమిదో హెన్రీ తరఫున స్టీఫెన్ వాన్ అనే దూత ఆంట్‌వెర్ప్ వెళ్లి, ఊరి బయట పొలాల్లో టిండేల్‌ను రహస్యంగా కలిశాడు. తిరిగి రమ్మన్నాడు. టిండేల్ పెట్టిన షరతు ఒకటే. వ్యాఖ్యలేమీ లేని వట్టి మూలపాఠం, ఎవరు అనువదించినా సరే, జనం భాషలో చదువుకోనిస్తే చాలు. ఆ తర్వాత తానిక ఒక్క అక్షరం రాయడు, వచ్చి రాజు పాదాల దగ్గర పడతాడు, ఏ శిక్ష వేసినా సరే. రాజు ఒప్పుకోలేదు. ఈ సంగతి దూత రాసిన ఉత్తరాల్లో ఉంది. అంచు వ్యాఖ్యల ఘాటు గురించి పైన చెప్పాను కాబట్టి, అవన్నీ వదులుకోవడానికి ఆయన సిద్ధపడ్డాడన్నది కూడా చెప్పడం న్యాయం.

ఆంట్‌వెర్ప్‌లో ఇంగ్లిషు వర్తకుల కోసం కేటాయించిన ఇంట్లో థామస్ పాయింట్జ్ అనే అతని దగ్గర బస. వారానికి రెండు రోజులు సోమవారం, శనివారం ఊళ్లోని కాందిశీకులను, పేదవాళ్లను వెతుక్కుంటూ తిరిగేవాడు. మిగిలిన రోజులు పుస్తకమే. 1534లో ఒక తమాషా జరిగింది. జార్జ్ జాయ్ అనే తోటి ఇంగ్లిషువాడు టిండేల్ అనువాదాన్ని ఆయనకు చెప్పకుండా దిద్ది అచ్చు వేయించాడు. అందులో అనస్తాసిస్ అనే గ్రీకు మాటకు టిండేల్ పెట్టిన పునరుత్థానం అనే అర్థం చాలాచోట్ల తీసేసి, ఈ జీవితం తర్వాతి జీవితం అని మార్చాడు. టిండేల్‌కు మండిపోయింది. దిద్దదలచుకుంటే తన పేరు పెట్టుకుని సొంతంగా అనువదించుకోవాలి గాని, ఇంకొకరి పని మీద చేయి చేసుకోవడమేమిటని ముందుమాటలోనే కడిగేశాడు. ఆ ఏడాది వేలాది సవరణలతో తన సొంత ముద్రణ తెచ్చాడు. 1526 నాటి పుస్తకంలో అనువాదకుడి పేరు లేదు. 1534 ముద్రణలో ముఖపత్రం మీద గ్రీకుతో సరిచూసి దిద్దింది విలియం టిండేల్ అని స్పష్టంగా ఉంది.

1535లో హెన్రీ ఫిలిప్స్ అనే కుర్రవాడు ఆంట్‌వెర్ప్ వచ్చాడు. తండ్రి డబ్బు జూదంలో పోగొట్టుకున్నవాడు, మాటకారి. పాయింట్జ్‌కు అనుమానమే గాని టిండేల్ నమ్మాడు, భోజనానికి పిలిచాడు, పుస్తకాలు చూపించాడు. మే నెలలో ఒకరోజు ఫిలిప్స్ పర్సు పోయిందని చెప్పి నలభై షిల్లింగులు అప్పు తీసుకున్నాడు. టిండేల్ ఇచ్చాడు. ఇద్దరూ బయల్దేరారు. ఇంటి ముందు ఇరుకు సందులో ఫిలిప్స్ మర్యాదగా టిండేల్‌ను ముందు నడవమని, పొట్టిగా ఉన్న ఆయన తల మీదుగా వేలు చూపించాడు. అక్కడ కాపు కాసిన భటులు పట్టుకున్నారు. ఈ కుర్రవాడి వెనక డబ్బు పెట్టింది ఎవరో ఈనాటికీ తేలలేదు.

బ్రస్సెల్స్ దగ్గరి విల్‌వోర్డ్ కోటలో ఏడాదిన్నర కొంచెం తక్కువగా నిర్బంధం. ఆయన అక్కడ ఉండగానే 1535 జూలైలో, లండనులో థామస్ మోర్ తల తీశారు. రాజే ఇంగ్లండు చర్చికి అధిపతి అని ప్రమాణం చేయనన్నందుకు. ఎక్లేసియా అంటే ఏమిటన్న దాని మీద ఒకరితో ఒకరు అంతగా పోట్లాడుకున్న ఇద్దరూ, ఎవరికి సరి అని తోచిన అర్థం కోసం వారు, దాదాపు ఒకే కాలంలో పోయారు. మోర్ మతద్రోహులను కాల్పించడాన్ని సమర్థించిన మనిషి, అది మరచిపోకూడదు. కానీ మాట తప్పని మనిషి.

చలికాలంలో టిండేల్ కోట అధికారికి లాటిన్‌లో ఒక ఉత్తరం రాశాడు. ఆయన చేతిరాతలో మిగిలిన ఉత్తరం అదొక్కటే, 19వ శతాబ్దిలో పాత దస్త్రాల్లో బయటపడింది. తలకు జలుబు విపరీతంగా ఉంది, తన సామానులోని వెచ్చటి టోపీ ఇప్పించమని అడిగాడు. ఉన్న కోటు పలచన, మందపాటి కోటు ఒకటి కావాలని, కాళ్లకు చుట్టుకునే బట్ట చిరిగిపోయిందని, సాయంత్రాలు చీకట్లో ఒంటరిగా కూర్చోవడం కష్టంగా ఉంది, దీపం పెట్టుకోనివ్వమని కోరాడు. అన్నిటికంటే ముఖ్యంగా హిబ్రూ బైబిలు, హిబ్రూ వ్యాకరణం, హిబ్రూ నిఘంటువు ఇప్పిస్తే కాలం చదువులో గడుపుకుంటానని వేడుకున్నాడు.

1536 అక్టోబరులో ఆయన్ను కొయ్యకు కట్టి, గొంతు బిగించి చంపి, ఆ తర్వాత దేహాన్ని కాల్చారు. ఇంగ్లండు రాజు కళ్లు తెరిపించమని దేవుణ్ణి వేడుకుంటూ పోయాడని చెబుతారు.

మరుసటి ఏడాదే, 1537లో, రాజు అనుమతితో ఇంగ్లిషు బైబిలు వెలువడింది. దానిమీద థామస్ మాథ్యూ అని పేరు వేశారు గాని, కొత్త నిబంధన అంతా, పాత నిబంధనలో సుమారు సగం టిండేల్‌దే. కూర్చి అచ్చు వేయించింది ఆంట్‌వెర్ప్ మిత్రుడు జాన్ రోజర్స్. ప్రతి ఊరి గుడిలో ఉంచడానికని 1539లో పెద్ద సైజు బైబిలు ఒకటి వచ్చింది, అదీ చాలామటుకు టిండేల్ పాఠమే. దాని 1541 ముద్రణ ముఖపత్రం మీద, రాజాజ్ఞతో దీన్ని పరిశీలించినవారుగా ఇద్దరు బిషప్పుల పేర్లున్నాయి. వారిలో ఒకరు కత్‌బర్ట్ టన్‌స్టల్!

ఆ నాలుగు మాటలు ఏమయ్యాయో చూద్దాం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు కోసం రాజు పండితులకు ఇచ్చిన నియమాల్లో, చర్చ్ లాంటి పాత మాటలను మార్చకూడదన్నది ఒకటి. అలా చర్చ్ తిరిగివచ్చింది. ఒక్క ఎఫెసు గోల దగ్గర మాత్రం ఆ మాట పెట్టడానికి వాళ్లకూ చేతులు రాక అసెంబ్లీ అన్నారు. కొరింథీయుల పత్రికలోని ప్రసిద్ధమైన 13వ అధ్యాయంలో చారిటీ కూడా తిరిగివచ్చి, 1881 సవరణలో మళ్లీ లవ్‌కు చోటిచ్చింది. ఎల్డర్, రిపెంటెన్స్ మాత్రం కదల్లేదు. మొత్తం మీద కింగ్ జేమ్స్ కొత్త నిబంధనలో సుమారు 84 శాతం మాటలు టిండేల్‌వేనని 1998లో ఇద్దరు పరిశోధకులు లెక్కకట్టారు.

మన తెలుగు బైబిలు తెరిచి ఈ నాలుగు చోట్లూ చూస్తే ఆసక్తిగా ఉంటుంది. ఎక్లేసియాకు సంఘము, ప్రెస్బుతెరోస్‌కు పెద్దలు, అగాపేకు ప్రేమ. ఎఫెసు దగ్గర సభ అనే ఉంటుంది. మెటనోయియాకు మారుమనస్సు. గ్రీకు మాటలోని రెండు ముక్కలూ తెలుగులో అలాగే దిగిన మాట ఇది, నా దృష్టిలో ఇంగ్లిషు రిపెంటెన్స్ కంటే మూలానికి దగ్గర. టిండేల్ ప్రాణం మీదికి తెచ్చుకున్న నాలుగు నిర్ణయాలూ తెలుగులో ఏ గొడవా లేకుండా, ఆదివారం పల్లెటూరి ప్రార్థనలో రోజువారీ మాటల్లా చదువుతున్నారు.

1526లో వోర్మ్స్‌లో అచ్చయిన ఆ వేల ప్రతుల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. ఒకటి లండనులో, ఆ పుస్తకాలను కాల్చిన సెయింట్ పాల్ గుడి గ్రంథాలయంలోనే ఉంది. ఇంకొకటి 1994లో బ్రిటిష్ లైబ్రరీ పది లక్షల పౌన్లకు పైగా ఇచ్చి కొన్నది. మూడోది 1996లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ గ్రంథాలయంలో బయటపడింది. ముఖపత్రంతో సహా మిగిలింది ఆ ఒక్కటే.